బ్రికెట్ బస్తాలో నత్రజని ఎంతో అడగండి: కాలుష్య నియంత్రణ మండలికి బహిరంగ లేఖ

తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి సభ్య కార్యదర్శి గారికి,
సనత్‌నగర్, హైదరాబాద్.

ఆర్యా,

జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, కాటేదాన్, చర్లపల్లి. ఈ పారిశ్రామికవాడల్లో ఆవిరి కావాల్సిన ఫ్యాక్టరీలు చాలావరకు బొగ్గు నుంచి బ్రికెట్లకు (పంట వ్యర్థాలను ఒత్తి చేసిన కడ్డీలకు), ఊకకు, కట్టెకు మారాయి, ఇంకా మారుతున్నాయి. మంచిదే. గంధకం తగ్గింది, కార్బన్ లెక్క మెరుగైంది, రైతు పొలంలో తగలబెట్టే పత్తి కట్టెకు ఒక ధర వచ్చింది. అయితే ఇంధనం మారగానే నాక్స్ (నైట్రిక్ ఆక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ కలిసిన కాలుష్య వాయువులు) సమస్య కూడా తీరిపోయిందన్న భావన ఒకటి స్థిరపడింది. అది నిజం కాదు. ఫ్యాక్టరీ నడపడానికి మండలి ఇచ్చే అనుమతి పత్రమైన సీఎఫ్‌ఓలో "ఇంధనం: బయోమాస్ బ్రికెట్లు" అనే మూడు ముక్కల వెనక ఒకదానికొకటి పదిరెట్లు, ఇరవై రెట్లు తేడా ఉన్న సరుకులు ఉన్నాయి. ఘన ఇంధన బాయిలర్లను నడిపేవాళ్లం, కొలిచేవాళ్లం, సరిచేసేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మా విన్నపం ముఖ్యంగా రెండు అంకెల గురించి: పొయ్యిలోకి వెళ్లే ఇంధనంలో నత్రజని ఎంత, చిమ్నీలో కొలిచిన వాయువులో ఆక్సిజన్ ఎంత. ఈ రెండూ కాగితం మీదికి రాకుండా నాక్స్ గురించి ఎవరు ఏం మాట్లాడినా అది ఊహే అవుతుంది.

ముందు ఇంధనం సంగతి.

నాక్స్ అనగానే "మంట వేడి ఎక్కువైంది, గాలిలోని నత్రజని కాలింది" అంటారు. గ్యాస్ బర్నర్‌కూ ఆయిల్ బర్నర్‌కూ ఆ మాట సరిపోతుంది. గాలిలోని నత్రజని అణువు విడిపోవాలంటే 1,300, 1,400 డిగ్రీలు దాటిన వేడి కావాలి. ఊక మండే గ్రేట్ (ఇంధనం పరిచి మండించే ఇనుప జల్లెడ) మీద 1,000 నుంచి 1,200 డిగ్రీలు, ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లో (గాలితో ఎగిసిపడే వేడి ఇసుక పొరలో) 850 నుంచి 900 డిగ్రీలు ఉంటుంది. అక్కడ గాలిలోని నత్రజని దాదాపు కదలదు. వచ్చే నాక్స్ అంతా ఇంధనంలో ముందే ఉన్న నత్రజనిదే. పొడి బొగ్గు మండించే పెద్ద విద్యుత్ కేంద్రాల్లో సైతం నాక్స్‌లో ముప్పాతిక వంతుకు పైగా ఇంధనంలోని నత్రజని నుంచే వస్తుంది. అందువల్ల ఘన ఇంధన బాయిలర్‌కు "మంట చల్లబరచండి, నీళ్లు చల్లండి" అని చెప్పే సలహా డబ్బు దండగ.

ఇంధనంలో నత్రజని ఎలా ఉంటుందో చూస్తే తక్కినదంతా తేటపడుతుంది. బొగ్గులో అది కార్బన్ వలయాల్లో బిగుసుకుని ఉంటుంది. వేడి తగలగానే కొంత తారుతో పాటు, హైడ్రోజన్ సయనైడ్‌గా బయటికి వస్తుంది, మిగతాది నిప్పు కణికలోనే ఉండిపోతుంది. మొక్కల్లో అది ప్రొటీన్ రూపంలో ఉంటుంది, ఎక్కువభాగం అమోనియాగా మారి మంటలోకే వచ్చేస్తుంది. అమోనియా అయినా సయనైడ్ అయినా అక్కడి నుంచి దారులు రెండే. చుట్టూ ఆక్సిజన్ దండిగా ఉంటే నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. ఆక్సిజన్ కరువై, అప్పటికే పుట్టిన నైట్రిక్ ఆక్సైడ్ ఎదురైతే రెండూ కలిసి మామూలు నత్రజనిగా మారిపోతాయి. అంటే విషానికి విరుగుడు ఇంధనంలోనే ఉంది. అది పనిచేసేలా గాలి ఇవ్వడమే మన చేతిలో ఉన్నది. దాని గురించి కింద రాస్తాం.

ప్రొటీన్ అన్నాం కాబట్టి ఒక గుర్తు. పశువుల దాణాలో ప్రొటీన్ ఎంతుందో చూసే పరీక్ష నిజానికి నత్రజని పరీక్షే. వచ్చిన అంకెను 6.25తో గుణించి ప్రొటీన్ అంటారు. ఏది తింటే గొడ్డు బాగా పాలిస్తుందో అది పొయ్యిలో వేస్తే నాక్స్ ఎక్కువ ఇస్తుంది. గింజ, నూనె తీసిన చెక్క, ఆకు, లేత కొమ్మ ఈ జాబితాలోవి. ముదిరిన మాను, రంపపు పొట్టు, ఊక దీనికి అవతలి కొసన ఉంటాయి.

అంకెల్లో చెప్పాలంటే శాతాన్ని కాకుండా వేడికి ఎంత అని చూడాలి. బాయిలర్‌కు కావాల్సింది వేడి కదా. రంపపు పొట్టులో నత్రజని 0.1 నుంచి 0.2 శాతం, వేడి కిలోకు 4,000 కిలోక్యాలరీల దగ్గర. అంటే ప్రతి వెయ్యి కిలోక్యాలరీలకు అర గ్రాములోపే. ఊకలో 0.4 శాతం, వేడి 3,200. లెక్క ఒకటింబావు గ్రాము. పల్లి పొట్టులో శాతం 1కి అటూ ఇటూ, వేడి 4,000. రెండున్నర గ్రాములు. ఇప్పుడు 4,000 కిలోక్యాలరీల దేశీ బొగ్గులో 1 శాతం నత్రజని అనుకోండి, అదీ రెండున్నర గ్రాములే. బొగ్గు మాని పల్లి పొట్టుకు మారిన బాయిలర్‌కు నత్రజని విషయంలో ఒరిగిందేమీ లేదు. ఇక నూనె తీసిన ఆముదం చెక్క, కానుగ చెక్క, వేప చెక్క కలిపిన బ్రికెట్లయితే చెక్కలో నత్రజని 4 శాతం పైబడి ఉంటుంది, వెయ్యి కిలోక్యాలరీలకు పది గ్రాములు. కోళ్ల ఫారాల ఎరువు కలిపినా దాదాపు అంతే.

బ్రికెట్ డీలరు దగ్గర సరుకు కాలాన్ని బట్టి మారుతుంది. పాలమూరు పల్లి పంట వచ్చినప్పుడు పొట్టు, పత్తి అయిపోయాక కట్టె, మరో నెలలో మక్క బెండ్లు, దొరక్కపోతే దొరికిందల్లా. పైకి అన్నీ గోధుమ రంగు గుండు కడ్డీలే. వేడి పరీక్ష చేయిస్తారు, తేమ, బూడిద చూస్తారు, ఎందుకంటే ధర వాటి మీద ఆధారపడి ఉంటుంది. నత్రజని ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చూడరు.

గంటకు నాలుగు టన్నుల ఆవిరినిచ్చే బాయిలర్ ఒకటి తీసుకుందాం. పూర్తి లోడ్‌లో గంటకు సుమారు 930 కిలోల బ్రికెట్లు కావాలి. నత్రజని 0.3 శాతం ఉన్న సరుకైతే గంటకు 2.8 కిలోల నత్రజని లోపలికి వెళ్తుంది. అందులో నాలుగోవంతు నాక్స్ అయిందనుకుంటే నైట్రోజన్ డయాక్సైడ్ లెక్కన గంటకు 2.3 కిలోలు, రోజుకు 55 కిలోలు. అదే బాయిలర్‌లో 1 శాతం సరుకు వేస్తే, నత్రజని పెరిగేకొద్దీ అందులో నాక్స్‌గా మారే వంతు తగ్గుతుంది కాబట్టి 15 శాతమే మారిందనుకున్నా, గంటకు 4.6 కిలోలు, రోజుకు 110 కిలోలు. ఫ్యాక్టరీ మారలేదు, బాయిలర్ మారలేదు, సీఎఫ్‌ఓలో అక్షరం మారలేదు. బస్తా మారింది, అంతే.

వీటన్నిటికంటే మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టేది ఫర్నిచర్ తయారీలో మిగిలే ముక్కలు. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ ముక్కలు, వాటి పొడి. ఇవి చూడ్డానికి కట్టెలాగే ఉంటాయి, చవక, ఎండి ఉంటాయి, బాగా మండుతాయి. వాటిని అతికించిన జిగురు యూరియా ఫార్మాల్డిహైడ్. యూరియాలో నత్రజని 46 శాతమని ప్రతి రైతుకూ తెలుసు. అందుకే ఈ బోర్డుల్లో నత్రజని సాధారణంగా 3 శాతం పైనే ఉంటుంది, అంటే మామూలు కట్టెకు పది, పదిహేను రెట్లు. పైన అంటించిన పీవీసీ పొర ఉంటే క్లోరిన్ కూడా తోడవుతుంది. అది బాయిలర్ ట్యూబులు తింటుంది, డయాక్సిన్లనే విషాలకు దారి తీస్తుంది. ఇవి వృథా కట్టె కావు. రసాయనం పట్టించిన వ్యర్థం. మామూలు గ్రేట్ బాయిలర్లలో వీటిని మండించడాన్ని సీఎఫ్‌ఓలోనే పేరు పెట్టి నిషేధించాలని గట్టిగా కోరుతున్నాం. కట్టె మిల్లు రంపపు పొట్టు వేరు, బోర్డు ఫ్యాక్టరీ పొడి వేరు అని ఆర్డరులో ఒక వాక్యం ఉంటే తనిఖీకి వచ్చిన అధికారికి పట్టు దొరుకుతుంది.

నత్రజని పరీక్షకు అయ్యే ఖర్చు ఒక లోడు బ్రికెట్ల ధర ముందు లెక్కలోకే రాదు. కానీ ఎలా చేశారన్నది చూడాలి. మొక్కల ఇంధనానికి దాణా ల్యాబుల్లో చేసే కెల్డాల్ పద్ధతి చాలు. బొగ్గుకు మాత్రం అది నమ్మదగింది కాదు, వలయాల్లో బిగిసిన నత్రజని పూర్తిగా కరిగి రాదు, అంకె తక్కువ పడుతుంది. బొగ్గును కాల్చి కొలిచే సీహెచ్‌ఎన్ యంత్రంలోనే చేయించాలి. ఆ యంత్రం తీసుకునేది కొద్ది మిల్లీగ్రాముల పొడి. పదిటన్నుల లారీలోంచి కొద్ది మిల్లీగ్రాములకు దిగాలంటే నమూనా తీసే పద్ధతే ప్రాణం. లారీ పైభాగంలో ఒక కడ్డీ విరిచి పంపితే ఆ రిపోర్టుకు విలువ లేదు. దించేటప్పుడు పది చోట్ల తీసి, దంచి, కుప్పపోసి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు ఉంచుకుంటూ తగ్గించుకు రావాలి.

ఇక చిమ్నీ రిపోర్టులు.

రిపోర్టులో "నాక్స్ 120 మి.గ్రా." అని ఒక్క అంకె ఉంటుంది. పక్కన ఆక్సిజన్ లేకపోతే ఆ 120కి అర్థం లేదు. చిన్న బాయిలర్ల చిమ్నీల్లో ఆక్సిజన్ 12, 14 శాతం ఉండటం మామూలే. 14 శాతం దగ్గర చదివిన 120ని పోలిక కోసం 6 శాతం ఆక్సిజన్‌కు మార్చాలంటే, గాలిలో ఉండే 21 నుంచి 6 తీసేస్తే 15, 21 నుంచి 14 తీసేస్తే 7, పదిహేనును ఏడుతో భాగించి 120తో గుణించాలి. వచ్చేది 257. పాలలో నీళ్లు పోసి వెన్న శాతం తగ్గిందన్నట్టుగా ఉంది ఇప్పటి లెక్క. కల్తీ చేయాలన్న ఉద్దేశం ఎవరికీ లేకపోవచ్చు. కానీ ఎంత ఎక్కువ గాలి కలిస్తే అంత మంచి రిపోర్టు వచ్చే పద్ధతి ఉన్నంతకాలం ఎవరూ గాలి తగ్గించరు.

ఆ గాలి రెండు చోట్ల నుంచి వస్తుంది, రెండింటికీ మందు వేరు. ఒకటి పొయ్యిలోనే ఎక్కువ ఇస్తున్న గాలి. నల్ల పొగ కనబడితే చీవాట్లు పడతాయని బాయిలర్ అటెండెంట్ పొయ్యిలోకి గాలి కొట్టే ఎఫ్‌డీ ఫ్యాన్ డ్యాంపర్ (గాలి మోతాదు మార్చే తలుపు) బార్లా తెరిచి వదిలేస్తాడు. పొగ పోతుంది. నాక్స్ పెరుగుతుంది, ఇంధనం కూడా పోతుంది. 6 శాతం ఆక్సిజన్ అంటే అవసరానికి మించి 40 శాతం గాలి, 14 శాతం అంటే 200 శాతం గాలి. చిమ్నీ వాయువు 180 డిగ్రీల దగ్గర ఉంటే ఈ తేడా వల్లనే ఇంధనంలో నూటికి ఏడు పాళ్ల వేడి ఆకాశంలోకి పోతుంది. యజమానికి నాక్స్ మీద శ్రద్ధ లేకపోయినా ఈ లెక్క చూపిస్తే కూర్చుని వింటారు.

రెండోది పొయ్యి దాటాక సందుల్లోంచి పీల్చుకునే గాలి. పొగను చిమ్నీలోకి లాగే ఐడీ ఫ్యాన్ ముందు అంతా లోపలికి లాగే ఒత్తిడే. బెల్లోస్ చిరిగినా, సైక్లోన్ కింద రోటరీ వాల్వ్ అరిగినా, మ్యాన్‌హోల్ తాడు ఊడినా బయటి గాలి లోపలికి దూరుతుంది. దీన్ని పట్టుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. ఊదుబత్తి వెలిగించి డక్ట్ జాయింట్ల వెంబడి మెల్లగా జరపండి. పొగ నిటారుగా లేస్తుంటే సరే, చటుక్కున వంగి సందులోకి దూరితే అక్కడ లీకు. ఎకనమైజర్ (పొగ వేడితో బాయిలర్ నీళ్లు కాచే భాగం) దగ్గర ఒకసారి, చిమ్నీలో ఒకసారి ఆక్సిజన్ చూసి తేడా 2 శాతం దాటిందంటే ముందు లీకులు మూయాలి, ఆ తరువాతే కొలత.

కాబట్టి రిపోర్టు నమూనాలో నాక్స్ పక్కనే ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్, ఆ గంటలో ఆవిరి ఎంత, ఆ రోజు ఏ ఇంధనం అన్నవి తప్పనిసరి చేయండి. మోనాక్సైడ్ ఎందుకంటే, గాలిని గొంతు నులిమినట్టు తగ్గిస్తే నాక్స్ అంకె పడిపోతుంది, మోనాక్సైడ్ వేలల్లోకి ఎక్కుతుంది. ఒకటి దాచి ఇంకొకటి చూపిస్తే మోసపోయేది చుట్టుపక్కల కాలనీవాళ్లు. లోడ్ ఎందుకంటే, మందుల ఫ్యాక్టరీల్లో ఆవిరి వాడకం బ్యాచ్‌ను బట్టి ఎగిరిపడుతుంది. రియాక్టర్లు ఖాళీగా ఉన్న పావుగంటలో కొలిచింది ఆ బాయిలర్ నిజరూపం కాదు. ఒక గంటపాటు నిమిషం నిమిషం రికార్డు చేసి సగటు తీయాలి.

చిన్నగా కనిపించే ఇంకో విషయం. పీపీఎంను మిల్లీగ్రాములకు మార్చేటప్పుడు వాయువు ఘనపరిమాణం 0 డిగ్రీల దగ్గర అనుకుంటే 2.05తో, 25 డిగ్రీల దగ్గర అనుకుంటే 1.88తో గుణిస్తారు. తేడా 9 శాతం. ఏది వాడారో రిపోర్టులో రాయించండి. నైట్రిక్ ఆక్సైడ్‌ను నైట్రోజన్ డయాక్సైడ్‌గా లెక్కకట్టారా లేదా అన్నదీ రాయించండి. ఇది ఇంకా పెద్ద తేడా, 30కి 46. అలాగే గొట్టంలో తడి చేరితే నైట్రోజన్ డయాక్సైడ్ ఆ నీళ్లలో కరిగి అంకెకు అందకుండా పోతుంది. నమూనా గొట్టం వేడిగా ఉండాలి.

ఇప్పుడు తగ్గించే మార్గం. మొక్కల ఇంధనంలో పొడి బరువులో 70 నుంచి 80 శాతం ఆవిరై గ్రేట్ పైన మండుతుంది. నిప్పుగా మిగిలేది ఐదో వంతు. అయినా బొగ్గు కోసం కట్టిన పాత బాయిలర్లలో గాలి మొత్తం గ్రేట్ కింద నుంచే కొడతారు. అమోనియా పుట్టేచోటే ఆక్సిజన్ పుష్కలం. చేయాల్సింది, కింది గాలిని తగ్గించి ఆ ప్రాంతంలో మొత్తం అవసరంలో 80 నుంచి 90 శాతమే ఉండేలా చూసి, మిగిలింది పైనుంచి రెండో గాలిగా ఇవ్వడం. రెండింటి మధ్య వాయువుకు అర సెకను నుంచి ఒక సెకను దొరికితే అమోనియా, నైట్రిక్ ఆక్సైడ్ ఒకదాన్నొకటి తినేస్తాయి. ఈ పద్ధతి సరిగ్గా కుదిరితే మూడో వంతు నుంచి సగం దాకా నాక్స్ తగ్గుతుంది.

కుదరకపోవడానికి కారణాలు మాకు బాగా తెలుసు. రెండో గాలి నాజిళ్లలో వేగం సెకనుకు 40 నుంచి 60 మీటర్లు ఉండాలి. 50 మీటర్లకు నాజిల్ దగ్గర దాదాపు 140 మిల్లీమీటర్ల నీటిమట్టం ఒత్తిడి కావాలి. గ్రేట్ కోసం పెట్టిన ఎఫ్‌డీ ఫ్యాన్ నుంచే ఒక పైపు లాగితే అంత ఒత్తిడి రాదు, గాలి గోడ పక్కనే జారిపోతుంది, మధ్యలో మోనాక్సైడ్ మిగిలిపోతుంది. దానికి వేరే ఫ్యాన్ పెట్టాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, గాలి ఐదారు శాతం పలుచన, ఫ్యాన్ ఎంపికలో అది కూడా చూసుకోవాలి. ఇంకోటి, ఆక్సిజన్ తక్కువున్న చోట బూడిద తక్కువ వేడికే కరుగుతుంది. పొటాషియం ఎక్కువున్న పత్తి కట్టె, గడ్డి బ్రికెట్లతో గ్రేట్ మీద క్లింకర్ గడ్డ కడుతుంది. అందుకే ఒకేరోజు గాలిని కింద 70, పైన 30 పాళ్లకు తిప్పేయకూడదు. వారానికి కొంచెం చొప్పున కింది డ్యాంపర్ మూస్తూ, ప్రతిసారీ మోనాక్సైడ్, బూడిద రంగు, గ్రేట్ ఉష్ణోగ్రత చూస్తూ పోవాలి. ఈ పని అటెండెంట్ చేతిమీదుగా జరగాలి. కాబట్టి శిక్షణ ఇస్తే ముందు అతనికివ్వండి, పర్యావరణ మేనేజర్‌కు తరువాత.

ఫ్లూయిడైజ్డ్ బెడ్ ఉన్న పెద్ద బాయిలర్లకు రెండు హెచ్చరికలు. గంధకం కోసం సున్నపురాయి ఎక్కువ వేస్తే అది అమోనియాను నైట్రిక్ ఆక్సైడ్‌గా మార్చే ఉత్ప్రేరకం అవుతుంది. ఒకటి దించబోతే ఇంకొకటి లేస్తుంది. రెండోది, నాక్స్ తగ్గిందని బెడ్‌ను 800 డిగ్రీల దగ్గరకు దించితే, ముఖ్యంగా బొగ్గుతో, నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 270 రెట్లు వేడెక్కించే వాయువు. నాక్స్ కొలిచే మామూలు యంత్రాలు దాన్ని పట్టుకోలేవు. పెద్ద బెడ్ బాయిలర్లలో ఏడాదికి ఒకసారైనా విడిగా కొలిపించాలి.

నాక్స్ తగ్గించడానికి వేడి వాయువుల మీద యూరియా చల్లే ఎస్‌ఎన్‌సీఆర్‌ను అందరికీ ఒకే మాటగా ఆదేశించవద్దని మనవి. ఆ చర్య 850 నుంచి 1,100 డిగ్రీల మధ్యే జరుగుతుంది. దానికి మించితే చల్లిన యూరియానే నాక్స్ అవుతుంది. తక్కువైతే అమోనియా అలాగే చిమ్నీలోంచి బయటపడుతుంది. చిన్న ఫైర్ ట్యూబ్ బాయిలర్లో వాయువు ఆ వేడిలో ఉండేది రెప్పపాటు. సగం లోడ్‌కు వస్తే ఆ వేడే ఉండదు. అలా బయటపడిన అమోనియా చలికాలం రాత్రుల్లో నగరం మీద గాలి కదలకుండా నిలిచినప్పుడు నైట్రిక్ ఆమ్లంతో కలిసి అమ్మోనియం నైట్రేట్ అవుతుంది, అంటే ఊపిరితిత్తుల్లోకి దూరే సన్నని ధూళి, పీఎం 2.5. నైట్రోజన్ డయాక్సైడ్‌కు దేశ ప్రమాణం ఏడాది సగటు ఘనమీటరుకు 40 మైక్రోగ్రాములు, పీఎం 2.5కీ 40. ఒకటి కాపాడబోయి ఇంకొకటి పోగొట్టుకోకూడదు. పెట్టిన చోట కూడా ఎరువు యూరియా వాడకుండా చూడండి. వేపపూత నాజిళ్లకు అడ్డుపడుతుంది, పరిశ్రమలో వాడటం నేరం, పైగా వానాకాలంలో రైతులు చెప్పులు క్యూలో పెట్టి ఆ బస్తా కోసం ఎదురుచూసే రాష్ట్రం ఇది.

మొదటి అడుగుగా మేం సూచించేది ఇది. రెండు టన్నులు దాటిన ఘన ఇంధన బాయిలర్ల సీఎఫ్‌ఓ పునరుద్ధరణకు వచ్చినప్పుడు, గడిచిన మూడు నెలల్లో వాడిన ప్రతి రకం ఇంధనానికీ నత్రజని, వేడి పరీక్షలు జత చేయమనండి. వెయ్యి కిలోక్యాలరీలకు రెండు గ్రాముల లోపున్న సరుకుకు ఇప్పటి పద్ధతే కొనసాగనివ్వండి. దాటినవారికి రెండో గాలి ఏర్పాటు, ఆక్సిజన్ సరిచేసిన కొలత తప్పనిసరి చేయండి. నమూనా తీసే పద్ధతి, రిపోర్టు నమూనా, అటెండెంట్ల కోసం గోడకు అంటించే ఒక పేజీ తెలుగు సూచనలు మేం రాసి సిద్ధంగా ఉంచాం. సాంకేతిక విభాగం వారు తేదీ చెబితే తీసుకుని వస్తాం. ఏదైనా ఒక బాయిలర్ దగ్గర, లోడ్ మీద ఉండగా, డ్యాంపర్ తిప్పుతూ అంకెలు ఎలా మారతాయో మీ ముందే చూపిస్తాం.

ఇట్లు,
ఘన ఇంధన బాయిలర్లు నడిపే, కొలిచే, సరిచేసే ఇంజనీర్లు, అటెండెంట్లు
హైదరాబాద్